బ్యాంకాక్‌లో ఒక పగలు, సంచిలో చెక్కలు

బ్యాంకాక్ నుంచి తిరిగొచ్చినప్పటినుంచీ మా దుకాణానికి వచ్చినవాళ్లెవరూ నేరుగా జాకెట్ గుడ్డ అడగడం లేదు. ముందు బ్యాంకాక్ ఎలా ఉందని అడుగుతున్నారు. ప్రొద్దుటూరులో నాది మ్యాచింగ్ సెంటర్. చీర చూపిస్తే చాలు, దానికి సరిపోయే గుడ్డ కళ్లు మూసుకుని తీసిస్తానని నాకు కాస్త పేరుంది. అందరికీ చెప్పీ చెప్పీ గొంతు పోయింది. పైగా చెప్పిన ప్రతిసారీ కథ జానెడు పెరుగుతోందని మా ఆయన ఎగతాళి. అందుకే ఒకసారి కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాసేస్తున్నాను. టికెట్లు, వీసాలు, హోటల్ గదుల సంగతి ఇందులో ఉండదు. ఆ కాగితాల పనంతా చేసింది మా ఆయనే, కావాలంటే ఆయన్ని అడగండి, విసుగు లేకుండా చెబుతాడు.

మేం బ్యాంకాక్ చూసింది ఒక్కటే పగలు. ఆ పగలంతా మా కళ్లు గుడుల మీద, నది మీద ఉన్నా, మనసు మాత్రం భుజాన వేలాడే సంచుల్లోని చెక్కల మీదే ఉంది.

ఆడకముందే కట్టిన ఫ్లెక్సీ

మేం పదిమంది ఆడవాళ్లం చెక్కభజన ఆడతాం. ఎరగనివాళ్లకోసం చెబుతున్నాను. ఇత్తడి బిళ్లలు బిగించిన చెక్కలు రెండు చేతులా పట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, నడుమ నిలబడిన గురువు పాడుతుంటే చుట్టూ తిరుగుతూ అడుగులేసే ఆట అది. మా వైపు తిరునాళ్లంటే చెక్కభజన ఉండాల్సిందే. అయితే ఎప్పుడూ మగవాళ్లే ఆడేవాళ్లు. మా గురువు ఓబులేసు మామది జమ్మలమడుగు, ఉండేది మాత్రం మా ఊళ్లోనే. డెబ్బై దాటాయి, మీసం మాత్రం ఇంకా నల్లగానే ఉంటుంది, ఎందుకుంటుందో అడిగితే ఒప్పుకోడు. కుర్రవాళ్లు నేర్చుకోవడానికి రావడం మానేశాక మేం పోయి అడిగాం. వారం రోజులు తిట్టి, ఎనిమిదో రోజు ఒప్పుకున్నాడు.

ఒప్పుకోనిది ఆయన తమ్ముడు నరసింహులు. అన్నదమ్ములిద్దరూ నలభై ఏళ్లు పక్కపక్కనే అడుగేసినవాళ్లు. ఆడవాళ్ల చేతికి చెక్కలిస్తే నీ గడప తొక్కనన్నాడు తమ్ముడు. అన్నంత పనీ చేశాడు. ఒకే వీధి, వీధి మొదట్లో ఆయన టీ అంగడి, చివర్లో ఈయన ఇల్లు. రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. మామ ప్రతిరోజూ ఆ అంగడి ముందునుంచే తల తిప్పకుండా నడిచిపోతాడు.

బ్యాంకాక్‌లో ఉండే తెలుగువాళ్లు ఉగాది పండగకు ఆడటానికి రమ్మని మమ్మల్ని పిలిచారు. మా ఊళ్ల సంగతి మీకు తెలుసు కదా, ఇంట్లో పిల్లకు చెవులు కుట్టించినా ఫ్లెక్సీ కడతారు. మేం బయలుదేరడానికి ముందు రోజే మా మరిది బస్టాండు దగ్గర మా పదిమంది ఫోటోలతో ఒకటి కట్టించాడు. బ్యాంకాక్ గడ్డ మీద చెక్కభజన మోగించి వచ్చిన మన ఆడపడుచులకు అభినందనలు అని రాయించాడు. ఇంకా పోనేలేదు కదరా అంటే, వచ్చినాక మళ్లీ ఇంకొకటి ఎవరు కట్టిస్తారన్నాడు. నరసింహులు ఆ ఫ్లెక్సీ చూసి, వీళ్లను స్టేజీ కూడా ఎక్కనియ్యరు, కూర్చోబెట్టి పంపిస్తారు చూడండి అని అంగడి దగ్గర అందరితో అన్నాడట. ఆ మాట మామ చెవిన వేయడానికి మా ఊళ్లో మనుషులకు కొదవా?

నరసింహులు నోట ఏ ఘడియన వచ్చిందో, అచ్చం అలాగే జరిగింది. మాది చిట్టచివరి అంశం అన్నారు. పిల్లల సినిమా డాన్సులు అయ్యాయి, సన్మానాలు అయ్యాయి, ముఖ్య అతిథి ప్రసంగం మాత్రం ఎంతకీ కాలేదు. గజ్జెలు కట్టుకుని తెర పక్కన నిలబడి ఉండగానే హాలు మూసేసే వేళయింది. పిలిచినవాళ్లు మంచివాళ్లే, చేతులు పట్టుకుని క్షమించమన్నారు. మరుసటి రోజు వ్యాను ఇచ్చి ఊరంతా చూపిస్తామన్నారు. తిరుగు విమానం ఆ మర్నాటి రాత్రికే. మామ అన్నం ముట్టలేదు.

తెల్లారి మేం పదిమందిమీ చెప్పుకోకుండానే రాత్రి విప్పిన చిలకపచ్చ చీరలే మళ్లీ కట్టుకుని కిందికి దిగాం. చెక్కలు, గజ్జెలు సంచుల్లో పెట్టుకున్నాం. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి ముందు, ఒక్క పాటయినా నిండుగా ఆడకుండా విమానం ఎక్కేది లేదని వ్యానులోనే ఒట్టు పెట్టుకున్నాం.

పడుకున్న బుద్ధుడు, విడిపోయిన చెప్పులు

మాకు దారి చూపించడానికి వచ్చినామె పేరు నోయ్. అక్కడి పిల్లే, ముప్పై ఏళ్లుంటాయి. మనవాళ్లను తిప్పీ తిప్పీ హిందీ నేర్చుకుంది. నా హిందీ ప్రొద్దుటూరు గుడ్డల బజారు హిందీ. రెండూ కలిస్తే ఏ భాషో తెలియదు గానీ పని జరిగిపోయింది.

మొదట పడుకున్న బుద్ధుడి గుడికి తీసుకుపోయింది. ఒక చివర నిలబడితే రెండో చివర కనపడనంత పొడుగు విగ్రహం, ఒళ్లంతా బంగారు పూత. మాది బంగారం అంగళ్ల ఊరు, అంత త్వరగా నోరు తెరవం. అయినా ఆ పాదాల దగ్గర ముత్యపు చిప్పతో చేసిన పని చూసి నేను నోరు తెరిచాను. గోడ పొడుగునా కంచు గిన్నెలు వరసగా ఉన్నాయి. చిల్లర నాణేలు కొనుక్కుని గిన్నెకొకటి చొప్పున వేసుకుంటూ పోవాలి. మాలో పెద్దది పులివెందుల లక్ష్మీదేవి అత్త, చీనీ బత్తాయి తోట ఉన్న మనిషి, చేతికి ఎముక లేదు. గుప్పెడంతా మొదటి గిన్నెలోనే పోసేసి దండం పెట్టుకుంది. నోయ్ గాబరాపడి, అలా కాదు, ఒక్కో గిన్నెలో ఒక్కోటి వేయాలని చెప్పమంది. నేను చెప్పాను. “దేవునికి ఇచ్చేదాంట్లో మళ్ల పంపకాలేంది?” అని అత్త ముందుకు నడిచింది.

ఆ ఆవరణలోనే ఇంకో మందిరం ఉంది. లోపలికి పోతూ అత్త ఒక చెప్పు ఈ మూల, ఇంకొకటి ఆ మూల విడిచింది. మన గుళ్ల దగ్గర మనం చేసేదే కదా, జత విడగొడితే దొంగకు పనికిరాదు. బయటికొచ్చి చూస్తే ఆ మూలా లేదు, ఈ మూలా లేదు. పదిమందిమీ ఆ గుడి చుట్టూ చెప్పుల కోసం ప్రదక్షిణాలు చేశాం. చివరికి అవి మెట్ల ముందే కనిపించాయి. అక్కడ ఊడ్చే ఆమె ఎవరో, పాపం ఎవరివో విడిపోయాయనుకుని వెతికి జత చేసి, వేసుకోవడానికి వీలుగా ముఖం బయటికి తిప్పి పెట్టింది. అత్తకు సిగ్గేసి ఆమెకు చేతిలో ఉన్న అరటిపండ్లన్నీ ఇచ్చేసింది.

మామ ఇవేవీ చూడలేదు. ఆయన కళ్లు ఆ రాతి ముంగిలిని కొలుస్తున్నాయి. ఇక్కడ ఆడొచ్చునేమో అడగమన్నాడు. తెల్లదుస్తుల్లో ఉన్న ఒక అధికారి దగ్గరకు నోయ్ పోయి అడిగింది. ఆయన చిరునవ్వుతో చేతులు జోడించి కుదరదన్నాడు. ఆ దేశంలో ఏదైనా కాదనేటప్పుడు కూడా నవ్వుతారు. మన దగ్గర కాదన్నవాడు కనీసం కసురుకుంటాడు, తిరిగి రెండు అనడానికి మనకూ వీలుంటుంది. నవ్వేవాడిని ఏమనగలం? మేమూ నవ్వి వచ్చేశాం.

నది దాటుతూ

నదికి అవతలి ఒడ్డున పింగాణీ ముక్కలు అతికించి కట్టిన గోపురం ఉంది. దాటడానికి ఒక పడవ తిరుగుతూ ఉంటుంది, దానికి ఇచ్చేది మన ఊళ్లో టీ నీళ్ల దుడ్లు. నిండుగా పారే నదిని చూస్తే నాకు ముందు కడుపు మండుతుంది. మా పెన్నలో ఇసుక చూసి పెరిగిన ప్రాణం కదా. గండికోట లోయలో నీళ్లు నిలబడిన రోజున ఫోన్లు పట్టుకుని పరుగెత్తేవాళ్లం మేము. ఇక్కడ అన్ని నీళ్లు అలా పోతుంటే ఒక్కరూ తలెత్తి చూడటం లేదు.

పడవ నడుమ కాస్త ఖాళీ కనపడగానే మామ సంచిలోంచి చెక్కలు తీసి చిన్నగా ఒక దరువు వేశాడు. అంతే, పడవవాడు ఇంజన్లో ఏదో ఊడిందనుకుని వేగం తగ్గించేశాడు. అతని మనిషి ఒకడు పరుగెత్తుకొచ్చి ఇంజను మూత తీసి లోపలికి తొంగి చూశాడు. నోయ్ విషయం చెప్పాక పడవలో వాళ్లంతా నవ్వారు. మామ చెక్కలు లోపల పెట్టేసుకుని ఒడ్డు వచ్చేదాకా నీళ్లవైపే చూస్తూ కూర్చున్నాడు.

గోపురం మెట్లు నిటారుగా ఉన్నాయి. ఎక్కేటప్పుడు అందరం బాగానే ఎక్కాం, దిగేటప్పుడు అత్త ఒక్కో మెట్టు మీదా కూర్చుని కూర్చుని దిగింది. కింద నది గట్టున విశాలమైన చోటుంది. అక్కడి చీరకట్టులాంటిది అద్దెకు తీసుకుని ఫోటోలు దిగే పిల్లలతో అది నిండిపోయింది. మా పచ్చ చీరలు చూసి వాళ్లే వచ్చి మాతో ఫోటోలు దిగారు. ఇదే అదనని మేం గుండ్రంగా నిలబడ్డామో లేదో, కాపలాదారు ఈల ఊదుకుంటూ వచ్చాడు. ఆయన కూడా నవ్వుతూనే ఊదాడు.

గుడ్డల వీధి

మధ్యాహ్నానికి ముందు నేను పట్టుబట్టి వ్యానును గుడ్డల బజారుకు తిప్పించాను. పాహురత్ అంటారు దాన్ని. ఇరుకు సందులు, తాన్ల కొద్దీ గుడ్డ, జరీ అంచులు, లెక్కలేనన్ని రంగులు. మా ఊరి గుడ్డల వీధిని ఎవరో ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టారేమో అనిపించింది. ఒక సర్దార్జీ అంగట్లో గులాబీ రంగు పట్టు గుడ్డ కనిపించింది. ఆయన చెప్పిన ధర విని నేను గుడ్డను వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పట్టి, ఒక దారం లాగి చూపించి, ఇది కల్తీ పట్టు అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నీదీ అంగడేనా అన్నాడు. అవునన్నాను. ఆ తర్వాత బేరం లేదు, టీ వచ్చింది. ఆయన చెప్పిన ధరలో సగానికి ఆ గుడ్డ నాదయింది. ఆ రోజు నాకు దక్కిన మొదటి గెలుపు అదే, ఇప్పటికీ దుకాణంలో అద్దం పక్కన వేలాడదీసి ఉంది, అమ్మను.

మామ అంగడి బయట అరుగు మీద కూర్చున్నాడు. టీ ఇస్తే వద్దన్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. విమానం దిగినాక మీరు ముందు పోండి, నేను చీకటి పడ్డాక వేరే బస్సులో వస్తానన్నాడు. ఎందుకని అడిగాను.

“పగటిపూట వాని అంగడి ముందర ఎట్ల నడిచేదిమ్మే? వాడు చెప్పిందే అయ్యె గదా. కూకోబెట్టి పంపిచ్చినారు.”

ఆ మనిషి తిట్టగా విన్నాను, రంకెలు వేయగా విన్నాను గానీ అంత చిన్న గొంతుతో మాట్లాడగా ఎన్నడూ వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు, ముఖ్య అతిథి మీదనా, నరసింహులు మీదనా, నవ్వే కాపలాదారు మీదనా. లోపలికి పోయి సర్దార్జీకి జరిగిందంతా ఏకరువు పెట్టాను. ఆయన గుడ్డ తాను చుట్టడం ఆపి విన్నాడు. సాయంత్రం పెద్ద పార్కుకు పొండి, రోజూ ఆ వేళకు ఆడా మగా గుంపులుగా చేరి పాటలకు ఎగురుతారు, అక్కడ ఎవరు ఎగిరినా ఎవరూ వద్దనరని చెప్పాడు. ఆ పార్కు పేరు లుంపినీ. విమానాశ్రయానికి పోయే దారిలో కాస్త పక్కకు తిరిగితే చాలని నోయ్ అంది.

రోట్లో దంచిన అన్నం తోడు

ఆకలి మీద ఒక వీధి బండి దగ్గర ఆగాం. అక్కడొక ఆవిడ పొడుగాటి రోట్లో పచ్చి బొప్పాయి కోరు, వెల్లుల్లి, మిరపకాయలు, చెనిక్కాయ గింజలు, నిమ్మరసం వేసి దంచుతోంది. ఆ రోకలి చప్పుడు వినగానే మా అందరికీ ఇల్లు గుర్తొచ్చింది. చేపల రసం, ఎండు రొయ్యలు మాకు వేయొద్దని నోయ్ ఆవిడకు చెప్పింది. మిరపకాయలు ఎన్ని వేయమంటారని ఆవిడ వేళ్లు చూపించి అడిగింది. మామూలుగా విదేశీయులు ఒకటో రెండో అంటారట. అత్త రెండు చేతులూ ఎత్తి పది వేళ్లూ చాపింది. ఆవిడ నమ్మలేదు, ఒక్కొక్కటీ వేస్తూ అత్త ముఖంలోకి చూసింది. పక్క బండ్లవాళ్లు కూడా పని ఆపి చూశారు.

అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, సంగటి ఉంటే బాగుండేదంది. ఆమె కంట్లో చుక్క నీరు లేదు. బండావిడ రోకలి కింద పెట్టి చేతులెత్తి దండం పెట్టింది. ధర కూడా తగ్గించింది. పచ్చి బొప్పాయి తిన్నందుకు మాలో చిన్నదానికి మాత్రం ఏదో దిగులు పట్టుకుంది, పెళ్లయి మూడు నెలలే మరి. అత్త దాని చెవిలో ఏదో అడిగి, లేదని తేల్చుకుని, అయితే తిను అని గిన్నె దాని ముందుకు తోసింది.

మామ మాత్రం రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఉడుముల పార్కు

పార్కులో అడుగు పెట్టగానే చెరువు గట్టున మొసలిలాంటిది ఒకటి నడిచిపోతూ కనిపించింది. మావాళ్లు కొందరు కేక పెట్టారు. చూస్తే ఉడుము. మా గుట్టల్లో ఉండేవి దీని ముందు పిల్లలు. మనిషంత పొడుగు ఉడుము పిల్లల ఆట స్థలం పక్కనుంచి తాపీగా పోయి నీళ్లలోకి దిగింది, ఎవరూ తరమలేదు, రాయి విసరలేదు. పొద్దుటినుంచీ మొదటిసారి మామ ముఖంలో కొంచెం కళ వచ్చింది. “మనూర్లో అయితే ఈపాటికి పొయ్యి మీదుండు” అన్నాడు.

ఒక చదునైన చోట చిన్న వేదిక, దాని మీద మనిషెత్తు స్పీకర్లు. మెడలో ఈలతో, బిగుతైన పసుపు బనియనుతో ఒకాయన తీగలు సర్దుకుంటున్నాడు. ఎగిరించే మాస్టరు ఆయనే. ముందున్న మైదానంలో ఎక్కువగా నడివయసు ఆడవాళ్లు, మా ఈడువాళ్లు, చేతులూ కాళ్లూ సాగదీసుకుంటున్నారు. నోయ్ ఆయన్ని అడగడానికి పోబోయింది. మామ ఆపాడు.

“అడిగితేనే గదా కాదనేది. అడగొద్దు. గజ్జెలు కట్టుకోండి.”

గడ్డి మీదే కూర్చుని గజ్జెలు కట్టుకున్నాం. నా ముడి అత్త వేసింది. గుండ్రంగా నిలబడ్డాం. మామ నడుమ నిలబడి కండువా నడుముకు బిగించి, రాముడు సముద్రం దాటే పాట ఎత్తుకున్నాడు. మేమూ సముద్రం దాటి వచ్చినవాళ్లమే కదా, అందుకని ఆ పాటే ఆడాలని ముందే అనుకున్నాం. చెక్కలు మోగాయి. మొదటి అడుగు, రెండో అడుగు, మొదటి చుట్టు తిరిగాం.

అప్పుడు చూశాను. పార్కంతా ఆగిపోయింది. పరుగెత్తేవాళ్లు ఒంటికాలి మీద ఆగినంత పనిచేశారు. సైకిల్ మీద పిల్ల కాలు నేల మీద పెట్టి నిలబడింది. ఐస్‌క్రీం బండివాడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పసుపు బనియను మాస్టరు కట్టెలా బిగుసుకుపోయాడు. మా దెబ్బకు ఊరు ఊరంతా నిలబడి చూస్తోందనుకున్నాను. అబద్ధమెందుకు, నా ఛాతీ రెండింతలయింది. మాలో అందరికీ అలాగే అనిపించినట్టుంది, ఇంకా గట్టిగా ఎగిరాం. మామ గొంతు ఒక మెట్టు పైకి లేచింది.

నోయ్ మాత్రం దూరంగా చేతులు తొడలకు ఆనించి రాయిలా నిలబడి, కళ్లతోనే మాకేదో చెప్పాలని తంటాలు పడుతోంది. ముందు అర్థమయింది అత్తకే. “ఆగండే, జనగణమన” అని పళ్ల మధ్యనుంచి అంది. అప్పుడు వినిపించింది, చెట్లకు కట్టిన స్పీకర్లలోంచి వాళ్ల దేశపు పాట. సాయంత్రం ఆ వేళకు రోజూ అది వస్తుందట, ఎక్కడివాళ్లు అక్కడ నిలబడాలట. మేం పదిమందిమీ చెక్కలు పట్టుకున్న చేతులు కిందికి దించి బడిపిల్లల్లా నిలబడిపోయాం. మామ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

పాట అయిపోయింది. పరుగెత్తేవాళ్లు పరుగు అందుకున్నారు. మాస్టరు మావైపే వస్తున్నాడు. ఇంకేముంది, పోలీసుల్ని పిలుస్తారు, విమానం కూడా దక్కదనుకున్నాను. మామ ముందుకు నడిచి, డెబ్బై ఏళ్లు దాటిన ఆ మనిషి, మీసం సంగతి మరిచిపోయి ఆయన ముందు నడుము వంచి దండం పెట్టాడు.

“తప్పయింది సామీ. తెలీక ఆడినాం. మీ పాటను మేము కించపరచాలని గాదు.”

తెలుగులోనే అన్నాడు. నోయ్ చెప్పక్కర్లేకుండానే ఆయనకు అర్థమయింది. ఆయనా వంగి దండం పెట్టాడు. తర్వాత మామ చేతిలోని చెక్కలు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఒకసారి మోగించి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. నోయ్‌తో ఏదో అన్నాడు. ఇది ఏ ఆట, ఎక్కడిది, మళ్లీ మొదటినుంచి ఆడతారా అని అడుగుతున్నాడంది ఆమె. ఆమె చెప్పడం పూర్తికాకముందే ఆయన వేదిక మీది మైకు తీసుకొచ్చి మామ చేతిలో పెట్టాడు.

రెండో అడుగు

ఆ సాయంత్రం మేం ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. మామ గొంతు ఆ స్పీకర్లలోంచి చెరువు దాటి పోయింది. మొదటి చరణానికి జనం చుట్టూ మూగారు. రెండో చరణానికి ఒక ఎర్ర జాకెట్టు ఆమె మా వెనక చేరి అడుగు పట్టుకోవాలని చూసింది. అత్త తన చెక్కల్లో ఒకటి ఆమె చేతిలో పెట్టింది. పాట అయ్యేసరికి ఆ మైదానంలో ఎవరూ ఊరికే నిలబడి లేరు. చెక్కలు లేనివాళ్లు చేతులతో చప్పట్లు వేస్తూ మా వెనక వరసలు కట్టారు. మాస్టరు తన క్లాసు సంగతి వదిలేసి మా పక్కన అడుగేస్తున్నాడు.

మామ పాట ఆపి అడుగులు నేర్పడం మొదలుపెట్టాడు. అక్కడి భాష రాదని ఆయనకు గుర్తు కూడా లేదు. మమ్మల్ని ఎలా తిడతాడో వాళ్లనూ అలాగే తిట్టాడు. “ఓ నీలి అంగీ, కుడికాలుమ్మే, కుడికాలు. యాడ పెడతాండావు? ఆ ఎర్ర జాకెట్టామెను చూసి నేర్చుకో.” వాళ్లు పడీ పడీ నవ్వుతూ కాళ్లు మార్చుకున్నారు. రెండేళ్లలో మొదటిసారి మేం తిట్లు తినకుండా ఒక పూట ఆడాం. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఉన్నట్టుండి మామ నన్ను పిలిచి, నరసింహులుకు ఫోన్ చెయ్యమన్నాడు. నాకు చెవులు సరిగా పనిచేయడం లేదనుకున్నాను. రెండోసారి అడగకుండా వీడియో కాల్ చేశాను. మన దగ్గర ఇంకా పొద్దు ఉంది, టీ అంగడి నిండుగా ఉండే వేళ. నరసింహులు ఎత్తాడు. వెనక బల్లల మీద ఊరి మగవాళ్లంతా కనిపించారు. నేను ఫోను తిప్పి మైదానం చూపించాను. మామ మళ్లీ పాట ఎత్తుకున్నాడు.

వెనక వాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి తొంగి చూస్తున్నారు. కాసేపటికి నరసింహులు “ఆ ఫోను కిందికి పట్టుమ్మే, కాళ్లు చూపీ” అన్నాడు. కిందికి పట్టాను. పాట చివరిదాకా చూశాడు. తర్వాత, అన్నకియ్యి అన్నాడు.

మామ మైకు చంకన పెట్టుకుని ఫోను తీసుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“అన్నా, రెండో అడుగుకు కాలు తక్కువెత్తుతాండారు.”

రెండేళ్ల తర్వాత తమ్ముడి నోట వచ్చిన మొదటి మాట అది. మామ మీసం అదిరింది.

“వీళ్లకు నేర్పి ఇంకా గంట కాలేదురా. నీకు నలభై ఏండ్లు నేర్పినా అంతే ఎత్తుతాండావు గదా?”

టీ అంగడి మొత్తం నవ్వింది, ఇక్కడిదాకా వినిపించింది. నరసింహులు నవ్వలేదు. ఎప్పుడొస్తాండావని అడిగాడు. రేపని మామ చెప్పాడు. “ఆదివారం నేనొచ్చి మీ ఆడోళ్లకు ఆ అడుగు చూపిస్తాలే. నీ మోకాలు యాడ లేస్తాది?” అని తమ్ముడు ఎటో చూస్తూ అన్నాడు.

మామ కండువాతో ముఖం తుడుచుకుని, ఫోను ఆపకుండానే నా చేతికిచ్చి, పైకి పట్టుకోమని సైగ చేశాడు. నోయ్ విమానానికి వేళవుతోందని గడియారం చూపిస్తోంది, ఎవరూ పట్టించుకోలేదు. మామ మైకు నోటి దగ్గర పెట్టుకుని మైదానమంతా కలయజూశాడు.

“మళ్ల మొదటినుంచి. రెండో అడుగుకు కాలు ఇంకొంచెం పైకెత్తండమ్మా. మా తమ్ముడు చూస్తాండాడు.”